దించిన ఇంజిన్ ఆయిల్‌ను మళ్లీ పోయవచ్చా? ఆటోనగర్‌లోని ఒక షెడ్డు పనితీరుపై సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో నా స్ప్లెండర్ ప్లస్‌కు క్లచ్ కవర్ గ్యాస్కెట్ మార్పించిన షెడ్డు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఉన్న పనే చేతినిండా ఉందని, తన పేరు గానీ షెడ్డు పేరు గానీ బయట పెట్టవద్దని అక్కడి పెద్ద మెకానిక్ కోరినందువల్ల ఆ రెండూ ఇవ్వడం లేదు. గ్యాస్కెట్ అంటే కవర్ అంచుల నుంచి ఆయిల్ కారకుండా మధ్యలో వేసే పలచని పొర. దాన్ని మార్చడం చిన్న పనే గానీ, కవర్ విప్పాలంటే ముందు ఇంజిన్ ఆయిల్ దించాలి. దాంతో, బండి ఉన్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటి వచ్చింది. కొత్తగా పోసి నాలుగు వందల కిలోమీటర్లు కూడా తిరగని ఆయిల్‌ను ఏదో మరమ్మతు కోసం దించవలసి వస్తే, దానినే మళ్లీ ఇంజిన్‌లో పోయవచ్చా, లేక పారబోసి కొత్త డబ్బా కొనవలసిందేనా?

ఇదే ప్రశ్నను ఊళ్లో మరోచోట అడిగినప్పుడు, ఒకసారి దించిన ఆయిల్ పనికిరాదని ఒక్క మాటలో తేల్చేశారు. అక్కడే గోడ పక్కన మూత లేని డబ్బాలో దించిన ఆయిల్ నిలవ ఉండడం, లెవెల్ తగ్గిందని వచ్చిన మరొకరి బండిలో అందులో నుంచే కాస్త వంచడం నా కళ్లతో చూశాను. పనికిరాదని చెప్పినది ఇంకొకరి ఇంజిన్‌కు ఎలా పనికివచ్చిందో అడిగితే సరైన సమాధానం రాలేదు. అందుకే బండిని అక్కడ ఇవ్వకుండా ఆటోనగర్‌కు తీసుకువెళ్లాను.

ఇక్కడి మెకానిక్ జవాబు చెప్పడానికి ముందు మూడు సంగతులు అడిగారు: ఆ ఆయిల్ ఏ గ్రేడు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, పోసిన తరువాత బండి నీళ్లలో గానీ బాగా వేడెక్కేలా గానీ నడిచిందా. గ్రేడు 10డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే గుర్తు), జాసో ఎంఏ (ఆయిల్‌లో తడిసే క్లచ్ ఉన్న మోటార్‌సైకిళ్లకు సరిపడే ప్రమాణం) అని చెప్పి, మిగిలిన రెండింటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అయితే ఆయిల్‌కేమీ కాలేదండీ. దించేటప్పుడు మనం పాడుచెయ్యకుండా ఉంటే చాలు, మళ్లీ అదే పోసుకోవచ్చు" అన్నారు. ఆ రెండో వాక్యం ఎంత నిజమో పని జరుగుతున్నప్పుడు అర్థమైంది.

మొదటి వాక్యానికి ఆధారం ఆయిల్ తయారీలోనే ఉంది. ఇంజిన్ ఆయిల్ అంటే మూల తైలంతో పాటు మసిని కడిగే డిటర్జెంట్లు, ఆ మసి ముద్దకట్టకుండా విడదీసి ఉంచే డిస్పర్సెంట్లు, అరుగుదలను ఆపే జింకు సమ్మేళనాలు, ఆమ్లాలను విరిచే క్షారాలు, వేడికి పలచబడకుండా చూసే పాలిమర్లు కలిసిన మిశ్రమం. ఇవన్నీ కొద్దికొద్దిగా ఖర్చవుతూ వేల కిలోమీటర్లు పనిచేసేలా ఆయిల్‌ను రూపొందిస్తారు. నాలుగు వందల కిలోమీటర్లలో ఖర్చయ్యేది అందులో చిన్న వంతు మాత్రమే. ఆ మరమ్మతు రాకపోయి ఉంటే అదే ఆయిల్ అదే ఇంజిన్‌లో ఇంకా చాలా దూరం తిరిగేది. బోల్టు విప్పి గిన్నెలోకి పట్టినంత మాత్రాన ఆయిల్ గుణం మారదు. రంగు కాస్త ముదిరి ఉండటం చూసి కూడా కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే మసిని తనలోకి తీసుకుని నల్లబడటం ఆయిల్ చేయవలసిన పనే. డీజిల్ బండ్లలో అయితే కొత్త ఆయిల్ పోసిన కొద్దిసేపటికే నల్లగా మారుతుంది. అయితే మోటార్‌సైకిల్ ఆయిల్‌కు కారు ఆయిల్ కంటే ఒక కష్టం ఎక్కువ. ఇంజిన్‌కు, క్లచ్‌కు, గేర్‌బాక్స్‌కు అదే ఆయిల్ కావడం వల్ల గేరు పళ్ల మధ్య పాలిమర్లు తెగి, ఆయిల్ త్వరగా పలచబడుతుంది. అందువల్ల కారులో వెయ్యి కిలోమీటర్లు తిరిగిన ఆయిల్ గురించి చెప్పే మాటను మోటార్‌సైకిల్‌కు యథాతథంగా అన్వయించకూడదు.

ఇక దించే పద్ధతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే. ఆ షెడ్డులో బండి కిందికి గిన్నె తోయడానికి ముందే డ్రెయిన్ బోల్టు చుట్టూ పేరుకున్న మట్టిని, చైన్ నుంచి ఎగిరిపడిన జిడ్డును కిరోసిన్ బ్రష్షుతో కడిగి, గాలి కొట్టి, పొడిగుడ్డతో తుడిచారు. సాధారణంగా ఈ పని ఎవరూ చేయరు. బోల్టు విప్పగానే మొదటి ధారతో పాటు ఆ మట్టి అంతా గిన్నెలోకి దిగుతుంది. పారబోసే ఆయిల్ అయితే దానితో నష్టం లేదు గానీ మళ్లీ పోయదలచుకున్న దానిలో ఆ ఇసుక రేణువులు చేరితే పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య, కామ్‌షాఫ్ట్ ఆనే చోట్లలో గీతలు పడతాయి. గిన్నె కూడా అందరి ఆయిల్ పట్టే పాత ట్రే కాదు. మళ్లీ పోయవలసిన ఆయిల్ కోసమే విడిగా ఉంచుకున్న స్టీలు గిన్నెను పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, తెల్లని కాగితంతో తుడిచి, ఆ కాగితం నాకు చూపించిన తరువాతే బోల్టు విప్పారు. ఆయిల్ దిగిన వెంటనే గిన్నె మీద మూత పెట్టి, బెంచీ కింద కాకుండా దుమ్ము పడని అలమరలో ఉంచారు. ఇంజిన్‌లో ఉన్నన్నాళ్లూ పాడవని ఆయిల్ బయటికి వచ్చిన అరగంటలో పాడయ్యే అవకాశమే ఎక్కువ. తిరిగి వాడటం క్షేమమా కాదా అన్నది కిలోమీటర్ల మీద ఎంత ఆధారపడి ఉంటుందో, పట్టిన గిన్నె మీద కూడా అంత ఆధారపడి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కవర్ విప్పిన తరువాత మెకానిక్ నన్ను దగ్గరికి పిలిచి క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇంజిన్ ప్రధాన ఇరుసు) చివర ఉండే ఆయిల్ ఫిల్టర్ మూత తీసి చూపించారు. స్ప్లెండర్‌లో కార్లలో మాదిరి కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు; కింద ఒక జల్లెడ, క్రాంక్‌తో పాటు తిరిగే ఈ గిన్నెలాంటి ఫిల్టర్ మాత్రమే ఉంటాయి. వేగంగా తిరిగేటప్పుడు ఆయిల్ కంటే బరువైన లోహపు రజను, మసి దీని లోపలి అంచుకు చేరి అతుక్కుంటాయి. ఆ అంచుకు బూడిద రంగు మెత్తని ముద్ద సన్నటి పొరగా పట్టి ఉంది. వేలితో తీసి రుద్దితే గరుకు తగలలేదు, వెలుతురులో పట్టి చూస్తే మెరుపు ముక్కలు కనిపించలేదు. ఆయిల్ మార్చినా ఈ గిన్నెను శుభ్రం చేయకపోతే పాత మడ్డి ఇంజిన్‌లోనే ఉండిపోతుంది కాబట్టి కవర్ ఎలాగూ తెరిచినప్పుడు దీన్ని కడగడం తన అలవాటని ఆయన చెప్పారు. దీనికి వేరే కూలి అడగలేదు.

అదే రోజు అక్కడికి మరో బండి వచ్చింది. ఎత్తులు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరుగుతున్నా బండి కదలడం లేదని దాని యజమాని ఫిర్యాదు. ఆయిల్ కొత్తదేనని, దించినదే మళ్లీ పోయమని ఆయన గట్టిగా కోరారు. మెకానిక్ రెండు చుక్కలు వేలి మీద వేసుకుని వాసన చూసి, ఆయనకూ చూపించారు. క్లచ్ ప్లేట్లు మాడిన వాసన నాకు నిలుచున్న చోటికే వచ్చింది. మాడిన ప్లేట్ల పొడి ఆయిల్ నిండా కలిసిపోయి ఉంటుంది గనుక అది మళ్లీ పోస్తే కొత్త ప్లేట్లకూ జల్లెడకూ ముప్పేనని చెప్పి, ఎంత అడిగినా ఒప్పుకోలేదు. నా బండికి పోయవచ్చని చెప్పిన మనిషే మరో బండికి కుదరదని చెప్పడం ఈ షెడ్డు మీద నాకు గౌరవాన్ని పెంచింది.

కిలోమీటర్లు ఎంత తక్కువైనా తిరిగి వాడకూడని సందర్భాలు మరికొన్ని ఆయన చెప్పారు. కొత్త బండి మొదటి సర్వీసులో దించే ఆయిల్‌లో భాగాలు ఒకదానికొకటి ఒరిపిడి పడి రాలిన లోహపు రజను ఉంటుంది కాబట్టి అది పారబోయవలసిందే. పెట్రోలు వాసన కొట్టే ఆయిల్ పలచబడినట్టే లెక్క. కార్బురేటర్ బండ్లలో పెట్రోలు కారి ఇంజిన్‌లోకి దిగితే ఇలా జరుగుతుంది. నీళ్లు చేరిన ఆయిల్ సంగతి విజయవాడ వారికి వేరే చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు మునిగిన బండ్ల నుంచి దించిన ఆయిల్ పాలు ఎక్కువ పోసిన టీ రంగులో వచ్చింది. అంతకు ముందు రోజే పోసిన ఆయిల్ అయినా ఆ రంగుకు తిరిగితే ఎండలో పెట్టి, కాచి బాగుచేయడం కుదరదు.

తెల్లగుడ్డలో వడగడితే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. గుడ్డ ఆపగలిగేది కంటికి కనిపించే నలుసులను మాత్రమే. బేరింగులను అరగదీసే రేణువులు కొన్ని మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి, అవి గుడ్డ నేతలో నుంచి సులువుగా దాటిపోతాయి. పైగా గుడ్డ నుంచి ఊడిన నూలుపోగులు ఆయిల్ జల్లెడకు అడ్డుపడతాయి. ఈ షెడ్డులో సన్నని స్టీలు జల్లెడ గరాటునే వాడారు, అది కూడా జాగ్రత్త కోసమేనని చెప్పారు. శుభ్రంగా పట్టిన ఆయిల్‌కు వడపోత పెద్దగా అవసరం లేదు, మురికి ఆయిల్‌ను వడపోత కాపాడలేదు.

పోసేటప్పుడు డ్రెయిన్ బోల్టుకు కొత్త అల్యూమినియం వాషర్ వేశారు. దించి మళ్లీ పోసేటప్పుడు గిన్నెకూ భాగాలకూ అంటుకుని కొంత తగ్గుతుంది కనుక, అదే గ్రేడు కొత్త ఆయిల్‌ను నా ఎదుటే సీలు తీసి లెవెల్‌కు సరిపడా కలిపారు. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజిన్ కాసేపు నడిపి ఆపిన తరువాత, డిప్‌స్టిక్‌ను మర బిగించకుండా ఊరికే దించి చూశారు. మర బిగించి చూస్తే లెవెల్ ఉన్నదాని కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఇప్పటికి గ్యాస్కెట్ దగ్గర చెమ్మ లేదు, గేర్లు మెత్తగా పడుతున్నాయి, ఇంజిన్ శబ్దంలో తేడా రాలేదు. నాకు మిగిలినది నాలుగు వందల రూపాయల దరిదాపు ఖరీదున్న ఒక డబ్బా ఆయిల్. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: తరువాతి ఆయిల్ మార్పు లెక్క ఆ ఆయిల్ మొదట పోసిన రోజు రీడింగు నుంచే మొదలవుతుంది. మెకానిక్ అదే బిల్లు మీద రాసి ఇచ్చారు.

లోపాలు లేకపోలేదు. అక్కడ ఎవరూ గ్లవ్స్ వేసుకోవడం లేదు, పని నేర్చుకుంటున్న కుర్రవాడు మోచేతుల దాకా నల్లని ఆయిల్‌తోనే ఉన్నాడు. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో క్యాన్సర్ కలిగించగల పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు చేరతాయి, రోజూ చర్మానికి తగలడం మంచిది కాదు. నైట్రైల్ గ్లవ్స్ పెట్టె ఒకటి తెచ్చిపెట్టమని ఆయనతో చెప్పాను. పారబోసిన ఆయిల్ నింపే పీపాకు మూత ఉంది గానీ అది ఎవరికి చేరుతోందో స్పష్టమైన లెక్క లేదు; సెంట్రింగ్ చెక్కలకు రాయడానికి మేస్త్రీలు వచ్చి పట్టుకువెళతారని చెప్పారు. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిల్ అనుమతి పొందిన రీసైక్లర్లకే చేరాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారులకు కూడా దానిని శుద్ధి చేయించే బాధ్యత ఏర్పడింది. ఇంత జాగ్రత్తగా పనిచేసే షెడ్డు ఈ విషయంలో కూడా సరిదిద్దుకోవాలి. దించిన ఆయిల్‌ను చైన్‌కు రాసుకుందామని సీసాలో అడిగి తీసుకువెళ్లేవారు కూడా అక్కడ కనిపించారు. అందులోని లోహపు రజను చైన్ లింకులను ఇంకా త్వరగా అరగదీస్తుంది కాబట్టి ఆ పని చేయకండి, చైన్‌కు గేర్ ఆయిల్ వేయండి.

ఈ షెడ్డులో ఉదయం పూట ఆయన స్వయంగా పని చూస్తారు, సాయంత్రం రద్దీలో బండి కుర్రవాళ్ల చేతికి వెళ్లే అవకాశం ఉంది. ఏ షెడ్డులోనైనా సరే, దించిన ఆయిల్ మళ్లీ పోయించుకోవాలంటే బోల్టు విప్పకముందే ఆ మాట చెప్పండి, గిన్నె చూపించమని అడగండి. ఆ ఆయిల్ మీ బండిలో నుంచి మీ ఎదుట దిగినదై, ఆ రోజే మీ బండిలోకే తిరిగి వెళితే ఒప్పుకోండి. అలమరలో నిలవ ఉన్నది, ఇంకొకరి బండిలో నుంచి వచ్చినది ఎంత బంగారు రంగులో ఉన్నా వద్దనండి.