సరైన స్ట్రోక్ రేట్ పట్టుకోవాలంటే ఏది మేలు: స్ట్రోకులు తగ్గించడమా, బీప్‌తో ఈదడమా?

ఆగకుండా కిలోమీటరు ఈదడం అలవాటయ్యాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: “ఫ్రీస్టైల్‌లో నిమిషానికి ఎన్ని స్ట్రోకులు పడాలి?” దీనికి జవాబు రెండు రకాలుగా వెతుకుతారు. లెంగ్తుకు, అంటే పూల్ ఈ చివరి నుంచి ఆ చివరికి, ఎన్ని స్ట్రోకులు పడుతున్నాయో లెక్కపెట్టుకుని వాటిని తగ్గించుకుంటూ పోవడం ఒకటి. స్ట్రోకుకో బీప్ చొప్పున మనం పెట్టిన లయలో మోగే టెంపో ట్రైనర్ అనే చిన్న పరికరాన్ని క్యాప్ కింద పెట్టుకుని, దాని బీప్‌ను మెట్టుమెట్టుగా పెంచుతూ ఈత ఎక్కడ కుదురుతుందో చూడటం రెండోది. నేను రెండోదానివైపే మొగ్గుతాను.

అలాగని మొదటిదాన్ని తీసిపారేయలేం. దానికి పరికరం అక్కర్లేదు, మనసులో లెక్క చాలు. 25 మీటర్లకు ముప్పై స్ట్రోకులు వేస్తూ నీళ్లను కొడుతున్నవాళ్లకు దానికి మించిన మందు లేదు. చెయ్యి నీటిని పట్టకుండా జారిపోతున్నప్పుడు వేగంగా తిప్పి లాభం ఉండదు, ముందు ఆ పట్టు రావాలి. పొడవైన స్ట్రోకుతోనే అలెగ్జాండర్ పోపోవ్ 1992లోనూ 1996లోనూ 50, 100 మీటర్ల ఒలింపిక్ స్వర్ణాలు రెండేసి గెలిచాడు. ఆయన ఈత చూసి “స్ట్రోకులు ఎంత తక్కువైతే అంత మంచిది” అనుకున్నవాళ్లు ఎందరో.

చిక్కంతా అక్కడే ఉంది. స్ట్రోకులు తగ్గించడానికి అన్నిటికంటే తేలికైన మార్గం, ముందుకు చాచిన చేతిని కాసేపు అలాగే ఉంచేయడం. లెక్క తగ్గుతుంది, కానీ ఆ కాసేపట్లో మనల్ని ముందుకు తోసేది కాళ్లు తప్ప ఇంకేదీ ఉండదు. నీళ్లు గాలి లాంటివి కావు, తోపు ఆగితే వేగం వెంటనే పడిపోతుంది. పడిన వేగాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి తర్వాతి స్ట్రోకులో అదనంగా లాగాలి. వేగం పెరిగేకొద్దీ నీటి నిరోధం దాదాపు వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి, తగ్గుతూ పెరుగుతూ పోయే ఈతకు ఒకే తీరుగా సాగే ఈతకంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. నా దృష్టిలో స్ట్రోక్ రేట్ విషయంలో తేల్చాల్సింది స్ట్రోకుకూ స్ట్రోకుకూ మధ్య తోపు లేని ఈ ఖాళీనే. స్ట్రోకుల సంఖ్య ఒక్కటే చూస్తే అది కనిపించదు.

ఒక లెక్క చూడండి. 25 మీటర్లు 18 స్ట్రోకులతో 30 సెకన్లలో ఈదారనుకుందాం. మరోసారి 22 స్ట్రోకులతో 26 సెకన్లలో ఈదారు. స్ట్రోకులు, సెకన్లు కలిపి చూపించే స్వోల్ఫ్ స్కోరు రెండుసార్లూ 48నే. స్ట్రోకులు మాత్రమే చూసేవాళ్లకు మొదటిదే గొప్ప ఈత. కానీ 100 మీటర్లకు తేడా 16 సెకన్లు! గోడను తన్నుకుని వచ్చే మూడు సెకన్లు తీసేస్తే, మొదటి ఈతలో రేటు నిమిషానికి 40, రెండోదాంట్లో 57 దాకా. 40 దగ్గర ప్రతి స్ట్రోకు మధ్యా శరీరం దాదాపు ఆగి మళ్లీ బయల్దేరుతున్నట్టే.

బీప్ ఈ ఖాళీని దాచనివ్వదు. పద్ధతి ఇలా. మామూలుగా ఈదేటప్పుడు మీ రేటు 54 అనుకుందాం. 48తో మొదలుపెట్టి, ప్రతి 50 మీటర్లకు మూడు చొప్పున పెంచుతూ 69 దాకా వెళ్లండి. మధ్యలో ఊపిరి కుదుటపడేంత విశ్రాంతి చాలు. ప్రతిసారీ టైము, స్ట్రోకులు రాసుకోండి, కష్టం పదికి ఎంత అనిపించిందో కూడా రాయండి. బీప్ పెరిగిందని బలం పెంచొద్దు, చెయ్యి ముందు ఆగే సమయాన్ని మాత్రమే తగ్గించండి. బీప్‌ను చెయ్యి నీటిలో దిగే క్షణానికి కాకుండా, మోచెయ్యి వంచి నీటిని పట్టడం మొదలుపెట్టే క్షణానికి కలపడం నాకు మేలనిపిస్తుంది.

కింది మెట్లలో కాళ్లు మునుగుతున్నట్టు, ఈత బరువుగా ఉంటుంది. ఎక్కడో ఒకచోట, 57 కావచ్చు, 60 కావచ్చు, టైము తగ్గుతుంది, కష్టం మాత్రం పెరగదు. ఇంకా పైకి వెళ్తే టైము అక్కడే ఆగిపోయి స్ట్రోకులు, ఆయాసం పెరుగుతాయి. అరచేతి కింద బుడగలు కనిపిస్తుంటే పట్టు జారిపోయిందని అర్థం. టైము తగ్గడం ఆగకముందు, కష్టం ఎగబాకకముందు ఉన్న ఆ రెండు మూడు మెట్లే మీ దూరపు ఈతకు సరైన చోటు. పట్టు ఇంకా రానివాళ్లకు ఆ చోటు స్పష్టంగా దొరకదు. అప్పుడు కొన్నాళ్లు మొదటి పద్ధతికే వెళ్లాలి.

ఎవరి అంకె వాళ్లదే. 198 సెంటీమీటర్ల సున్ యాంగ్ 2012లో 1500 మీటర్లను 14:31.02లో ముగించింది నెమ్మదైన, పొడవైన స్ట్రోకులతో. అతనికంటే ఎంతో పొట్టి అయిన జానెట్ ఎవాన్స్ చేతులు చకచకా తిప్పుతూ 1988లో 400 మీటర్లలో నెలకొల్పిన 4:03.85 రికార్డు 2006 దాకా నిలిచింది. చాంపియన్ల రేటు చూసి మనది పెట్టుకోవడం అందుకే కుదరదు.

స్వోల్ఫ్ చూపించే వాచీలు సరదాకు బాగానే ఉంటాయి. చాలా వాచీలు కట్టుకున్న చేతి స్ట్రోకులే లెక్కిస్తాయి కాబట్టి, 28 అని కనిపిస్తే నిజానికి 56 కావచ్చు. సముద్రంలోనో చెరువులోనో ఈదేవాళ్లు పూల్‌లో దొరికిన రేటుకంటే కాస్త ఎక్కువే పెట్టుకోవాలి. చెయ్యి చాచి జారుతూ పోయే గ్లైడ్‌ను అలలు మింగేస్తాయి. బ్రెస్ట్ స్ట్రోక్‌లో గ్లైడ్‌కు చోటుంది, దానికి ఈ లెక్కలు వర్తించవు.

ఆ చోటు దొరికాక, వారంలో ఒక సెట్టులోనైనా బీప్‌ను దానికి మూడు పైన పెట్టి చిన్న దూరాలు ఈదండి. ఒకటి రెండు నెలలకు పరీక్ష మళ్లీ చేయండి. పట్టు, దమ్ము మెరుగయ్యేకొద్దీ ఆ అంకె జరుగుతుంది, పాత అంకె దగ్గరే ఉండిపోవద్దు.