చిన్ననాటి అనుబంధాల మీద సైకోథెరపీ: కొన్నేళ్లు వెళ్లాక నా అభిప్రాయం

విజయవాడలో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి కొన్నేళ్లుగా వెళ్తున్నాను. మొదట్లో వారం వారం, ఇప్పుడు నెలకోసారి. మా పెళ్లి ఏమైపోతుందోనన్న టెన్షన్‌తో మొదలుపెట్టాను. ఫలితం ఉందా అంటే ఉంది. దానికి పట్టే సమయం, మధ్యలో పడే బాధ మాత్రం ఎవరూ ముందు చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో పెద్దగా గొడవలేవీ ఉండేవి కావు. మనసుకు ఏదైనా తగిలితే నేను మాట మానేసి పనిలో పడిపోయేదాన్ని. జ్వరం వచ్చినా చెప్పేదాన్ని కాదు. మావారు "ఏమైంది?" అంటే "ఏం లేదు" అనేదాన్ని. ఆయన దగ్గరికొచ్చి అడిగేకొద్దీ ఊపిరాడనట్టుండేది. అత్తయ్యగారు అది పొగరనుకున్నారు. మా వైపు వాళ్లేమో "దానికి చిన్నప్పటి నుంచీ ఓర్పెక్కువ" అని మెచ్చుకునేవాళ్లు. నేను మొదట కలిసిన కౌన్సెలరైతే "కొంచెం అడ్జస్ట్ అవ్వాలమ్మా" అని పంపించేశారు. అడ్జస్ట్ అవడం తప్ప నాకు ఇంకేమీ రాదని ఆవిడకు తెలియలేదు.

ఇప్పటి మేడమ్ నా చిన్నతనం గురించి అడిగితే రెండు ముక్కల్లో చెప్పేశాను. పుట్టిన కొన్ని నెలలకే తెనాలి దగ్గర పల్లెలో అమ్మమ్మ దగ్గర వదిలారు, అమ్మానాన్నలవి బదిలీల ఉద్యోగాలు. బళ్లో వేసే వయసుకి గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి తెచ్చారు. ఆరో తరగతికి హాస్టల్. "ఏ లోటూ లేదు మేడమ్" అన్నాను. "అమ్మమ్మ దగ్గర్నుంచి మిమ్మల్ని తీసుకొచ్చిన రోజు ఏం జరిగింది?" అని అడిగారు. నాకేమీ గుర్తులేదు. ఆ ప్రశ్న దగ్గరే చాలా వారాలు గడిచాయి.

కన్నతల్లి దగ్గరికే కదా వచ్చింది, ఇంకా బెంగ దేనికని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. పసిబిడ్డకు అమ్మంటే తను ఏడిస్తే వచ్చి ఎత్తుకునే మనిషి. నాకు ఆ మనిషి అమ్మమ్మ. పసిబిడ్డకూ పెంచిన మనిషికీ మధ్య ఉండే ఈ అనుబంధం (అటాచ్‌మెంట్) గురించి శాస్త్రంగా నిలబెట్టిన బ్రిటిష్ సైకియాట్రిస్ట్ జాన్ బౌల్బీని కూడా పెంచింది ఆయానే. ఆయనకు నాలుగేళ్లప్పుడు ఆమె పని మానేసి వెళ్లిపోయింది. అది తల్లిని పోగొట్టుకున్నంత బాధ అని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు. ఆసుపత్రుల్లో తల్లిదండ్రులకు దూరంగా ఉన్న పిల్లలను ఆయన, సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ దగ్గరగా గమనించారు. ముందు గట్టిగా ఏడుపు, తర్వాత నీరసించి మౌనం, ఆ తర్వాత అంతా బాగున్నట్టు ఆటల్లో పడిపోవడం. ఈ మూడో దశను చూసి పిల్లలు కుదురుకున్నారని నర్సులు సంతోషించేవారట. మన ఇళ్లలో కూడా అదే మాట: "నాలుగు రోజులు ఏడ్చింది, తర్వాత అలవాటైపోయింది."

బౌల్బీతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లలను చూసింది. తల్లి గదిలోంచి వెళ్లి తిరిగొచ్చినప్పుడు కొందరు పిల్లలు ఆమె వైపు చూడకుండా బొమ్మలతో ఆడుకుంటూ ఉండిపోయారు. ఇలాంటి పిల్లలకు కూడా గుండె వేగం పెరుగుతోందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మేడమ్ ఇది చెప్పిన రోజు చాలాసేపు మాట్లాడలేకపోయాను. నా "ఏం లేదు" ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

ఇది చదివి, ఉద్యోగం కోసం బిడ్డను అమ్మమ్మ దగ్గర ఉంచిన తల్లులు దయచేసి బాధపడకండి. అమ్మమ్మ పెంపకంలో నాకు దొరికిన ప్రేమే ఈ రోజు నన్ను నిలబెడుతోంది. దెబ్బ తగిలింది ఒక్కసారిగా తెంపేయడం వల్ల, ఆ ఏడుపును ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల. పైగా చిన్నప్పటి తీరు జన్మంతా అలాగే ఉండిపోదు. పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో కూడా ఆ కొనసాగింపు ఒక మోస్తరుగానే కనిపించింది.

అమెరికన్ సైకాలజిస్టులు సిండీ హాజన్, ఫిలిప్ షేవర్ 1987లో ఇదే ఆలోచనను పెద్దవాళ్ల ప్రేమ సంబంధాలకు వర్తింపజేశారు. బంధాల్లో మనం ఏ రకమో ఒక పేరు పెట్టి చెప్పే ఆన్‌లైన్ క్విజ్‌లన్నీ ఆ దారిలో వచ్చినవే. వాటితో నాకు ఒరిగింది తక్కువ. కొన్నాళ్లు మావారూ నేనూ ఆ పేర్లతో ఒకరినొకరు దెప్పుకున్నాం, అంతే.

నిజమైన మార్పు మేడమ్ వేసవిలో సెలవు పెట్టినప్పుడు మొదలైంది. ఆవిడ తిరిగొచ్చాక "నాకేం తేడా తెలియలేదు" అని చెప్పి, వరసగా సెషన్లు ఎగ్గొట్టాను. ఆవిడ మెసేజ్ పెట్టి మళ్లీ పిలిచారు. "నేను లేనప్పుడు మీకెలా గడిచిందో వినాలనుంది" అన్నారు. ఒక్కసారిగా కోపం వచ్చింది. ఎందుకెళ్లారని అరిచాను, ఏడ్చాను. ఆవిడ మొహం మార్చుకోలేదు, నీతులు చెప్పలేదు. "ముందే ఇంకాస్త వివరంగా చెప్పి ఉండాల్సింది" అన్నారు. మరుసటి వారం వెళ్తే ఎప్పటిలాగే కూర్చుని ఉన్నారు. మనసులో ఉన్నది బయటపెట్టినా మనిషి పోదని నా ఒంటికి తెలిసింది ఆ రోజే. భయపడకుండా వెనక్కి చూసుకునేందుకు భద్రమైన ఆసరాగా నిలవడం థెరపిస్ట్ మొదటి పని అని బౌల్బీ అన్నాడు. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ఆసరా మనిషి దగ్గరే దొరుకుతుంది.

ఆ తర్వాత కొన్ని నెలలు ఇల్లు నరకం. అన్నాళ్లూ మౌనంగా ఉన్న నేను ప్రతిదానికీ కోప్పడుతుంటే మావారు బెదిరిపోయారు. గుంటూరు వెళ్లినప్పుడల్లా అమ్మతో ముభావంగా ఉండేదాన్ని. చివరికి నన్ను తీసుకొచ్చిన రోజుల గురించి అడిగేశాను. అమ్మ చెప్పింది: "వచ్చిన కొత్తలో నువ్వు నన్ను అక్కా అని పిలిచేదానివే. అమ్మ ఎప్పుడొస్తుందని నన్నే అడిగేదానివి." పిన్నులు అమ్మను అక్కా అనడం విని నేర్చుకున్న పిలుపు అది. అప్పటికి నాకు అమ్మంటే అమ్మమ్మే. తన బాధను ఆవిడ కూడా ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పటికీ ఏదైనా తగిలితే ముందు ముడుచుకుపోతాను. అప్పట్లో రోజుల తరబడి ఉండేది, ఇప్పుడు సాయంత్రానికి బయటపడుతున్నాను. మొన్న జ్వరమొస్తే "కాసేపు పక్కన కూర్చోండి" అని నేనే అడిగాను.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. మీ భాష తెలిసినవాళ్లను ఎంచుకోండి. అమ్మమ్మ గురించి ఇంగ్లీషులో చెప్పినన్నాళ్లూ నాకు కన్నీళ్లు రాలేదు. ఖర్చు తక్కువేమీ కాదు, నా ఇన్సూరెన్స్‌లో ఒక్క రూపాయీ రాలేదు. చనిపోవాలన్న ఆలోచనలుంటే దీనికోసం ఆగకుండా సైకియాట్రిస్ట్‌ను కలవండి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

దంపతులిద్దరినీ కూర్చోబెట్టి ఇదే కోణంలో చేసే థెరపీ కూడా ఉంది. కెనడా సైకాలజిస్ట్ స్యూ జాన్సన్ రూపొందించిన ఆ పద్ధతికి (ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ) మావారు ఒప్పుకున్నారు. తెలుగులో అది చేసేవాళ్లు మాకింకా ఇక్కడ దొరకలేదు, వెతుకుతున్నాం.