సాటా నుంచి 8 పిన్ కన్వర్టర్ కేబుల్: 14 నెలలు వాడాక

హార్డ్ డిస్క్‌కి కరెంటు ఇచ్చే సాటా ప్లగ్గుల నుంచి గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు మళ్ళించే ఈ కేబుల్ మంచిదని నేను చాలామందికి చెప్పాను. వాళ్ళలో ఇద్దరు నా మాట నమ్మి కొనుక్కున్నారు కూడా. ఇప్పుడు ఆ మాటను చాలావరకు వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో వివరంగా చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

ఒంగోలులో ఇళ్ళకు త్రీడీ ఎలివేషన్లు, వాక్‌త్రూ వీడియోలు చేసి ఇవ్వడం నా పని. ఇంటి ముందు గదే ఆఫీసు. పగలంతా డిజైన్ చేసుకుని, రాత్రి పడుకునే ముందు రెండరింగ్‌కి పెడతాను. పొద్దున్నకి వీడియో తయారవుతుంది. అంటే నా కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఆరేడు గంటలు ఆగకుండా పూర్తి లోడు మీద నడుస్తుంది. గేమ్ ఆడేవాళ్ళ వాడకం ఇలా ఉండదు. ఈ తేడాను గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

2018లో కొన్న జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డుకి అదనపు కరెంటు కోసం 6 పిన్ కనెక్టర్ ఉంది. కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు పంచే నా 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో గ్రాఫిక్స్ కార్డుకని వేరే వైరే లేదు. కార్డు డబ్బాలోనే రెండు మోలెక్స్‌లను (పాతకాలపు నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గులను) 6 పిన్‌గా మార్చే చిన్న కేబుల్ ఇచ్చారు. తగిలించాను. ఐదేళ్ళు ఒక్కసారి కూడా దాని వైపు చూడాల్సిన అవసరం రాలేదు. కన్వర్టర్ కేబుళ్ళ మీద నాకు గురి కుదిరింది అక్కడే.

2023 మార్చిలో ఆర్‌టీఎక్స్ 3060 తీసుకున్నాను. దానికి 8 పిన్ కావాలి. షాపులో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. "కంపెనీ వాళ్ళు 550 వాట్లు ఉండాలంటారన్నా. నీది 450. అయినా ఈ కన్వర్టర్ పెట్టి చాలామందికి ఇచ్చాం, ఎవరూ తిరిగి రాలేదు." కేబుల్ 250 రూపాయలు. కొత్త ఎస్‌ఎంపీఎస్ అంటే ఐదు వేల పైమాటే. కార్డుకే చేతిలో డబ్బంతా అయిపోయింది. రెండు సాటా ప్లగ్గులు ఒకవైపు, 8 పిన్ ఇంకోవైపు ఉన్న ఆ కేబుల్ తీసుకుని ఇంటికొచ్చాను.

మొదటి పదకొండు నెలలు నిజంగా సంతోషంగా గడిచాయి. పాత కార్డు మీద రాత్రంతా పట్టే వీడియో రెండు గంటల్లో వచ్చేసేది. పని పెరిగింది, కస్టమర్లు అడిగిన మార్పులు అదే రోజు చేసి చూపించగలిగాను. పొదిలిలో ఒక మిత్రుడికి, ఇక్కడే లాయర్‌పేటలో ఇంకొకతనికి "ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేదు, 250 రూపాయల కేబుల్ చాలు" అని చెప్పింది ఆ రోజుల్లోనే.

తర్వాత ఫిబ్రవరిలో ఒక రాత్రి స్క్రీన్ నల్లబడిపోయింది. కార్డు ఫ్యాన్లు గట్టిగా తిరుగుతున్నాయి, బొమ్మ లేదు. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే మామూలే. పది రోజులకు ఇంకోసారి. మార్చిలో వారానికోసారి. డ్రైవర్ తీసి మళ్ళీ వేశాను. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చాను. కరెంటు హెచ్చుతగ్గులేమో అని యూపీఎస్ బ్యాటరీ కొత్తది వేయించాను. విండోస్ మొత్తం మళ్ళీ ఎక్కించాను, దానికే ఒక ఆదివారం పోయింది. ఎండాకాలం కదా, వేడికి అలా అవుతోందేమోనని పక్కన టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టాను. ఇన్ని చేశాను గానీ, క్యాబినెట్ మూత తీసి ఆ రెండు సాటా ప్లగ్గులను వేలితో ముట్టుకుని చూడాలన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. ఐదేళ్ళు పనిచేసిన మోలెక్స్ కేబుల్ మీద ఉన్న నమ్మకాన్ని దీని మీదా పెట్టేశాను.

మే నెలాఖరు, రోహిణి కార్తె. కనిగిరి వైపు ఒక కుటుంబం ఇల్లు కట్టుకుంటోంది. వాళ్ళబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, రెండు రోజుల సెలవు మీద వచ్చాడు. "రేపు పొద్దున తొమ్మిదికి మా నాన్నను, పెదనాన్నను తీసుకొస్తానండీ, వీడియో చూశాకే శంకుస్థాపన ముహూర్తం పెట్టుకుంటాం" అన్నాడు. గేటు నుంచి డాబా దాకా మొత్తం తిరిగి చూపించే వీడియో. పదకొండున్నరకి రెండరింగ్ పెట్టి పడుకున్నాను. ఆ రాత్రి గది ఎంత ఉక్కగా ఉందంటే గోడ ముట్టుకున్నా వెచ్చగా తగిలింది.

రెండు దాటాక మా అమ్మ లేపింది. "ఒరే నాయనా, ఏందో కాలిన కంపు కొడతా ఉందిరా, లే ముందు!"

ముందు గదిలోకి వెళ్ళేసరికి ప్లాస్టిక్ కమురు వాసన ముక్కుపుటాలకు కొట్టింది. పొగ సన్నగా ఉంది. యూపీఎస్ ఆపి, గోడ స్విచ్ కట్టేసి, టార్చ్ వేసి మూత తీశాను. ఒక సాటా ప్లగ్గు చివర ముదురు గోధుమరంగులోకి మారి, మెత్తబడి, కిందికి జారినట్టుంది. ఊడదీయబోతే రాలేదు. ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్గు, కన్వర్టర్ వైపు ప్లగ్గు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విచిత్రం ఏమిటంటే ప్లగ్గు మొత్తం కాలలేదు. పసుపు తీగ, అంటే 12 వోల్టుల తీగ వచ్చే చివర మాత్రమే కాలింది. ఎర్ర తీగ వైపు కొత్తదానిలాగే ఉంది.

కంప్యూటర్ ఉన్న చెక్క బల్ల కిందే పాత ప్లాన్ కాగితాల కట్టలు ఉన్నాయి. అమ్మకు మెలకువ రాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. సాటా పవర్ ప్లగ్గులో 15 పిన్నులు ఉంటాయి, వాటిలో 12 వోల్టులకు మూడే. ఒక్కో పిన్ను 1.5 ఆంపియర్లకు తయారైంది. మూడూ కలిపితే 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. హార్డ్ డిస్క్‌కి అది చాలా ఎక్కువ. రెండు సాటా ప్లగ్గులు కలిసినా 108 వాట్లే. 8 పిన్ కనెక్టర్ మాత్రం కార్డుకి 150 వాట్లు ఇస్తానని మాటిచ్చినట్టు. ఆ మాట ఎలా ఇస్తుందంటే, 8 పిన్నుల్లో మూడు 12 వోల్టులవి, మూడు గ్రౌండువి (కరెంటు తిరిగి వెళ్ళే దారి), మిగిలిన రెండూ గుర్తు కోసం ఉన్నవి. అవి గ్రౌండుకి కలిసి ఉంటే "వెనుక 150 వాట్ల వైరు ఉంది" అని కార్డు అనుకుంటుంది. కన్వర్టర్ తయారుచేసినవాళ్ళు ఆ రెంటినీ లోపల గ్రౌండుకి కలిపేస్తారు. వెనుక ఉన్నది 108 వాట్ల దారి అని కార్డుకి తెలిసే మార్గమే లేదు. నా కోపం అంతా ఇక్కడే. వైరు సన్నంగా ఉందని కాదు, సన్నటి వైరు తనను లావు వైరుగా చెప్పుకుంటోందని.

3060 మొత్తం 170 వాట్ల కార్డు. కార్డు కూర్చునే మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్ల దాకా తీసుకోవచ్చు గానీ అంత తీసుకోదు. ఇప్పుడు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, నా రెండరింగ్‌లో కేబుల్ నుంచి 110 నుంచి 120 వాట్లు లాగుతోంది. దాదాపు 10 ఆంపియర్లు. రెండు ప్లగ్గులూ సమానంగా పంచుకుంటే చెరో 5, హద్దుకి కాస్త పైన. కానీ సమానంగా పంచుకోవు. ఒకటి కొంచెం వదులైతే రెండోదాని మీద భారం పడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. వేడికి పిన్ను పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా వేడెక్కుతుంది. పదకొండు నెలలు బాగుండి తర్వాత వారం వారం దిగజారడానికి కారణం అదే అనుకుంటున్నాను. పైగా నేను రెండు ప్లగ్గులనూ ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఒకే వైరు మీద పెట్టాను. మరి ఎస్‌ఎంపీఎస్ ఎందుకు ఆగిపోలేదు అంటే, దాని కాపలా మొత్తం కరెంటు మీద. నాదాని స్టిక్కర్ మీద 12 వోల్టులకు 26 ఆంపియర్లు, అంటే 312 వాట్లు అని ఉంది. చిన్న ప్లగ్గులో మూడు పిన్నుల మధ్య 10 ఆంపియర్లు పోవడం దానికి తప్పుగా కనిపించదు.

ఇప్పుడు పాత మోలెక్స్ కేబుల్ గురించి కూడా నిజం ఒప్పుకోవాలి. ఐదేళ్ళు అది బాగా పనిచేసిందని చెప్పానే, 1050 టీఐ మొత్తం కలిపి 75 వాట్ల కార్డు. అందులో చాలా భాగం స్లాటే ఇవ్వగలదు. కేబుల్ మీద పడింది ఏమంత లేదు. నేను దాని గట్టితనాన్ని మెచ్చుకున్నాను గానీ, ఆ కార్డు దాన్ని పరీక్షించనే లేదు. మోలెక్స్ పిన్ను సాటా పిన్ను కంటే చాలా దృఢమైనదన్న మాట మాత్రం నిలబడుతుంది.

ఆ పొద్దున కనిగిరి వాళ్ళకు ముందే తీసి పెట్టుకున్న డిజైన్ ఫోటోలు చూపించాను. "కదిలే బొమ్మ లేదా నాయనా?" అని పెద్దాయన అడిగినప్పుడు చాలా బాధేసింది. జరిగింది చెప్పాను. "ఇల్లు అంటుకోలేదు, అది చాలు" అన్నారాయన. వీడియో నాలుగు రోజులకు పంపాను.

ఒక్క మంచి సంగతి, కార్డు బతికింది. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 5,600 పెట్టి తెచ్చాను, కార్డుకని సొంత వైర్లు రెండు ఉన్నాయి. ఆ రోజు నుంచి నల్ల స్క్రీన్ ఒక్కసారి కూడా రాలేదు. మూడు నెలలు డ్రైవర్ మీదా, కరెంటు మీదా వేసిన నిందలన్నీ తప్పే. ఇంకో సంగతి, ఊడదీసి పెట్టుకునే వైర్లున్న ఎస్‌ఎంపీఎస్ అయితే, వేరే ఎస్‌ఎంపీఎస్ వైర్లు దానికి పెట్టకండి. కార్డు వైపు ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది.

అయితే కన్వర్టర్లన్నీ పారేయమని నేను అనను. కార్డు డబ్బాలో కంపెనీయే ఇచ్చిన కేబుల్‌ని, బయట విడిగా దొరికే దాన్ని ఒకే గాటన కట్టలేం. 6 పిన్ ఉన్న చిన్న కార్డు, రెండు మోలెక్స్‌ల కేబుల్, రోజుకో గంట ఆట అయితే బహుశా ఏమీ కాదు. మోలెక్స్ రెండూ వేర్వేరు వైర్ల మీద ఉండేలా చూసుకోండి. ప్లగ్గు వెనుక ప్లాస్టిక్ ముద్దలా పోసినట్టుంటే కొనకండి, వేడికి లోపల పిన్నులు కదిలిపోతాయి. సాటా నుంచి 8 పిన్ మాత్రం, నాలా రాత్రంతా మిషన్‌ని నడిపేవాళ్ళకు వద్దు. నా గది వేడి, నా పాత ఎస్‌ఎంపీఎస్, నా వాడకం, అన్నీ కలిసి ఇలా జరిగి ఉండొచ్చు. ఏసీ గదిలో వాడేవాళ్ళకు ఇంకో రెండేళ్ళు నడుస్తుందేమో. నేనైతే మళ్ళీ నా ఇంట్లో పెట్టను.

లాయర్‌పేట మిత్రుడు విన్న రోజే ఎస్‌ఎంపీఎస్ మార్చేశాడు. పొదిలి అతను "నాది బాగానే ఉంది కదన్నా" అంటూ వచ్చాడు. పోయిన ఆదివారం నేనే బస్సెక్కి వెళ్ళి అతని క్యాబినెట్ తెరిచాను. ఒక ప్లగ్గు పసుపు తీగ వైపు చివర అప్పుడే లేత గోధుమరంగు పట్టింది. ఫోటో తీసి చూపించి, కేబుల్ ఊడదీసి, నాతో తెచ్చేసుకున్నాను. జీతం వచ్చాక ఎస్‌ఎంపీఎస్ కొంటానన్నాడు. అప్పటిదాకా మదర్‌బోర్డులో ఉన్న గ్రాఫిక్స్‌తోనే నెట్టుకొస్తున్నాడు.