ఢీకొనే లెక్కలు: మూడు దారుల్లో ఏది మేలు?

క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ వెళ్లి కాయిన్‌ను సూటిగా కొట్టింది. తర్వాత దేని వేగం ఎంత? ఇంటర్ ఫస్టియర్‌లో ఈ లెక్క తప్పదు. చేయడానికి మూడు దారులున్నాయి. ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది), గతిజ శక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) రెండూ మారవని రెండు సమీకరణాలు రాసి సాధించడం ఒకటి. శక్తి సమీకరణం పక్కనపెట్టి, దాని బదులు ప్రత్యావస్థాన గుణకం (ఢీకొన్నాక దూరమయ్యే వేగాన్ని ముందు దగ్గరయ్యే వేగంతో భాగిస్తే వచ్చే అంకె) వాడడం రెండోది. ద్రవ్యరాశి కేంద్రంతో పాటు మనమూ కదులుతున్నామనుకుని అక్కణ్ణుంచి చూడడం మూడోది. విజయనగరంలో నా దగ్గరికి సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది మొదటిదాంట్లో ఇరుక్కుపోతారు, రెండోది బట్టీ పట్టి ఉంటారు, మూడోది తమకు కాదనుకుంటారు. నా ఓటు మూడోదానికే, అయితే అన్నిచోట్లా కాదు.

స్ట్రైకర్ 15 గ్రాములు, కాయిన్ 5 గ్రాములు అనుకుందాం. పోటీల్లో స్ట్రైకర్ 15 గ్రాములు దాటకూడదు, కాయిన్ 5 గ్రాముల పైచిలుకు ఉంటుంది కాబట్టి ఇవి ఉత్త అంకెలేం కావు. స్ట్రైకర్ సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చింది. కాయిన్ కదలకుండా ఉంది. దెబ్బ పూర్తిగా స్థితిస్థాపకం, అంటే గతిజ శక్తి ఏమీ పోదు; రాపిడి లేదు. తర్వాత స్ట్రైకర్ వేగం 'స', కాయిన్ వేగం 'క'.

స్ట్రైకర్ ద్రవ్యరాశి కాయిన్‌కు మూడు రెట్లు కాబట్టి మొదటి దారిలో 3స + క = 6 అని ఒకటి, 3స² + క² = 12 అని ఇంకొకటి వస్తాయి. ఒకదాంట్లోంచి 'క' తీసి రెండోదాంట్లో పెడితే స² − 3స + 2 = 0. అంటే 'స' విలువ 1 కావచ్చు, 2 కావచ్చు. పిల్లలు ఇక్కడే తెల్లమొహం వేస్తారు. 2 అంటే స్ట్రైకర్ వేగం మారనే లేదు, గురి తప్పి కాయిన్ పక్కనుంచి పోయింది. ద్రవ్యవేగం మారిందా, శక్తి మారిందా అని మాత్రమే మనం అడిగాం. దెబ్బ తగలకపోయినా ఆ రెండూ మారవు కదా! కాబట్టి 2 కొట్టేసి 1 ఉంచుకోవాలి, అప్పుడు కాయిన్ వేగం 3. ఈ దారిలో నాకు నచ్చే ముచ్చట ఇదొక్కటే. మిగతాదంతా చాకిరీ.

రెండో దారి రెండు లైన్లలో అయిపోతుంది. స్థితిస్థాపక దెబ్బకు గుణకం 1. దగ్గరయ్యే వేగం 2 కాబట్టి దూరమయ్యే వేగమూ 2, అంటే క − స = 2. దీన్ని 3స + క = 6తో కలిపితే స = 1, క = 3. వర్గాలూ లేవు, వర్గమూలాలూ లేవు. గుణకం 0.8 అని ఇస్తే 2 బదులు 1.6 రాస్తే చాలు, స 1.1, క 2.7 వస్తాయి. ఈ గుణకం పుస్తకాల కోసం పుట్టించింది కాదు. న్యూటన్ లోలకాలకు బంతులు కట్టి ఢీకొట్టించి కొలిచాడు. 1687లో అచ్చయిన ఆయన ఫలితాల్లో గాజు బంతులకు 16లో 15 వంతులు, గట్టిగా కుదించిన ఉన్ని బంతులకు 9లో 5 వంతులు. దీనికున్న లోపమల్లా జవాబు ఇస్తుంది కానీ లోపల ఏం జరిగిందో చెప్పదు.

ఇక మూడోది. ద్రవ్యరాశి కేంద్రం వేగం మొత్తం ద్రవ్యవేగం 30ని మొత్తం ద్రవ్యరాశి 20తో భాగిస్తే వస్తుంది, 1.5. మనం కూడా అదే వేగంతో పక్కనే నడుస్తున్నామనుకోండి. అప్పుడు స్ట్రైకర్ 0.5తో ముందుకు వస్తుంది, కాయిన్ 1.5తో ఎదురొస్తుంది. రెండు ద్రవ్యవేగాలూ సమానం, దిశలు ఎదురెదురు, మొత్తం సున్నా. ఢీకొన్నాక కూడా సున్నాయే ఉండాలి, శక్తీ తగ్గకూడదు. అందుకు ఉన్న దారి ఒక్కటే, రెండూ అవే వేగాలతో వెనక్కి తిరగాలి. గుర్తులు మార్చండి: −0.5, +1.5. మళ్లీ నేల మీదికి రావడానికి 1.5 కలపండి: 1, 3. గుణకం 0.8 అయితే వెనక్కి తిరిగే వేగాలు 0.4, 1.2. వాటికి 1.5 కలిపితే 1.1, 2.7.

ఈ ఆలోచన డచ్ శాస్త్రవేత్త హైగెన్స్‌ది. ఆయన సూత్రాలు 1669లో అచ్చయ్యాయి. కాలువలో నెమ్మదిగా పోతున్న పడవలో ఒకడు రెండు సమానమైన బంతులను సమాన వేగాలతో ఢీకొట్టిస్తాడు, అవి అలాగే వెనక్కి తిరుగుతాయి. పడవ వేగమూ బంతి వేగమూ ఒకటే అయితే ఒడ్డున ఉన్నవాడికి ఒక బంతి నిలబడి ఉన్నట్టు, రెండోది రెట్టింపు వేగంతో వచ్చి కొట్టినట్టు కనిపిస్తుంది. జరిగింది ఒకటే, చూసిన చోటు వేరు. నాగావళి ఒడ్డున నిలబడి ఊహించుకున్నా ఇంతే.

సూటి దెబ్బకే అయితే రెండో దారి చాలు, మూడోది వాడితే మిగిలేదేమీ లేదని మీరనొచ్చు. నిజమే. దాని సత్తా శక్తి నష్టం దగ్గర తెలుస్తుంది. మా విజయనగరం జంక్షన్‌లో హౌరా–చెన్నై మెయిన్ లైన్ నుంచి రాయ్‌పూర్ వైపు లైన్ విడిపోతుంది కదా, గూడ్స్ వ్యాగన్లు చూడని పిల్లలుండరు. లోడు వ్యాగన్ 80 టన్నులు, ఖాళీది 20 టన్నులు అనుకోండి. లోడు వ్యాగన్ సెకనుకు 1 మీటరుతో వచ్చి నిలబడి ఉన్న ఖాళీ వ్యాగన్‌కు తగులుకుంటే రెండూ కలిసి 0.8తో కదులుతాయి. మొదట శక్తి 40 కిలోజౌళ్లు, తర్వాత 32. పోయింది 8. ఇప్పుడు తిరగేయండి. ఖాళీది అదే వేగంతో వచ్చి లోడుదానికి తగులుకుంటే వేగం 0.2. మొదట 10, తర్వాత 2. మళ్లీ పోయింది 8!

నేల మీద నిలబడి చేస్తే ఇది కాకతాళీయంలా ఉంటుంది. ద్రవ్యరాశి కేంద్రం నుంచి చూస్తే వింతేమీ లేదు. రెండు సందర్భాల్లోనూ లోడు వ్యాగన్ 0.2తో, ఖాళీది 0.8తో ఎదురెదురుగా వస్తాయి. వాటి శక్తి 1.6, 6.4, కలిపితే 8. తగులుకున్నాక అక్కణ్ణుంచి చూస్తే రెండూ నిలబడిపోతాయి, కాబట్టి ఆ 8 మొత్తం పోవాల్సిందే. మిగిలిన 32 గానీ 2 గానీ ద్రవ్యరాశి కేంద్రం తనతో మోసుకుపోయే శక్తి, దాన్ని ఏ ఢీ కూడా ముట్టుకోలేదు.

పక్కవాటు దెబ్బల్లో తేడా ఇంకా పెద్దది. స్ట్రైకర్ కాయిన్ అంచుకు తగిలితే మహా అయితే ఎంత కోణం పక్కకు మళ్లుతుంది? మొదటి దారిలో మూడు సమీకరణాలు, నాలుగు తెలియనివి, పేజీ నిండిపోతుంది. రెండో దారిలో గుణకాన్ని దెబ్బ పడ్డ దిశకే వర్తింపజేయాలి, టెన్షన్ పెరుగుతుంది. మూడో దారిలో స్ట్రైకర్ వేగం ఢీకొన్నాక కూడా 0.5, దిశ మాత్రం ఏదైనా కావచ్చు. కాబట్టి 1.5 పొడవున్న బాణం కొసన 0.5 వ్యాసార్థంతో ఒక వృత్తం గీయండి. బాణం మొదలు నుంచి ఆ వృత్తానికి స్పర్శరేఖ గీస్తే అదే గరిష్ఠ కోణం. దాని సైన్ విలువ మూడింట ఒకటి, అంటే దాదాపు 19.5 డిగ్రీలు. అంతకు మించి మళ్లదు. స్ట్రైకర్ వెనక్కి తిరిగి వచ్చిందంటే అది చెక్క అంచు పని, లేదా కాయిన్ వెనకాల ఇంకేదో ఆనుకుని ఉంది. ఒక కాయిన్ ఇంకో కాయిన్‌ను కొడితే బాణమూ వ్యాసార్థమూ సమానం, అప్పుడు రెండూ 90 డిగ్రీల తేడాతో విడిపోతాయి. బొమ్మ గీస్తే చాలు, లెక్క అక్కర్లేదు.

నిలబడి ఉన్నదాన్ని సూటిగా కొడితే అది ద్రవ్యరాశి కేంద్రానికి రెట్టింపు వేగంతో పోతుందని పైన చూశాం, 1.5కు 3. బ్రిటిష్ శాస్త్రవేత్త ఛాడ్విక్ 1932లో న్యూట్రాన్ (కేంద్రకంలో ఉండే, విద్యుదావేశం లేని కణం) ద్రవ్యరాశి లెక్కగట్టింది ఇలాంటి సూటి దెబ్బల నుంచే. దాని వేగం ఆయనకు ముందుగా తెలీదు. కానీ అది కొట్టిన హైడ్రోజన్ కేంద్రకాలు సెకనుకు 3.3 కోట్ల మీటర్ల వరకు, నైట్రోజన్ కేంద్రకాలు 47 లక్షల మీటర్ల వరకు దూసుకుపోయాయి. రెండింటి నిష్పత్తి తీసుకుంటే తెలియని వేగం కొట్టుకుపోయి ద్రవ్యరాశులే మిగులుతాయి. న్యూట్రాన్ ద్రవ్యరాశి ప్రోటాన్‌కు 1.15 రెట్ల దగ్గర తేలింది. కొలతల్లో పొరపాట్లు పోగా ఇంచుమించు సమానమే.

మూడోది అక్కరకు రాని చోట్లూ ఉన్నాయి. బంతి నేలను తాకే లెక్కలో రెండో వస్తువు భూమి కాబట్టి ద్రవ్యరాశి కేంద్రం భూమితోనే ఉంటుంది, కొత్తగా ఒరిగేదేమీ లేదు. అంటుకుని ఉన్న రెండు కాయిన్లను స్ట్రైకర్ ఒకేసారి కొడితే తెలియనివి ఎక్కువైపోతాయి, అక్కడ ఏ దారీ ఒంటరిగా గట్టెక్కించదు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు మాత్రం చివర్లో 1.5 కలపడం మర్చిపోవడం. ఆప్షన్లలో 0.5 కూడా ఉంటుంది, చక్కగా టిక్ పెట్టేసి వస్తారు.

"ఇంతకీ ఎగ్జామ్‌లో ఏది వాడమంటారు సార్?" అని అడుగుతారు. బోర్డు పరీక్షలో ఏకమితీయ స్థితిస్థాపక అభిఘాతం (ఒకే గీత మీద, శక్తి పోకుండా ఢీకొనడం) గురించి పెద్ద ప్రశ్న వస్తే మొదటి దారే రాయాలి. ద్రవ్యవేగం, శక్తి సమీకరణాల నుంచి దగ్గరయ్యే వేగం, దూరమయ్యే వేగం సమానమని రాబట్టమనే అడుగుతారు, దిద్దేవాళ్లు చూసేది ఆ మెట్లే. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అక్కడ సూటి దెబ్బకు రెండోది, కోణం గానీ శక్తి నష్టం గానీ కనిపిస్తే మూడోది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదలొద్దు. మొదటి దారిని మాత్రం ఆ హాల్లోకి తీసుకెళ్లకండి.