ప్రహరీ వెంట వాక్కాయ కంచె: నాలుగేళ్ల అనుభవం

తిరుపతిలో మా ఇంటి తూర్పు ప్రహరీ వెంట నాటడానికి నాలుగేళ్ల కిందట ఊరి శివారులోని ఒక నర్సరీలో 12 వాక్కాయ మొక్కలను, ఒక్కొక్కటి 40 రూపాయల చొప్పున కొన్నాను. నర్సరీవారు రంగురంగుల ఆకుల మొక్కలనే పదేపదే చూపించారు గానీ, ఏడాది పొడవునా పచ్చగా ఉంటూ, మే నెల ఎండకు వాడకుండా, వీధి పశువులను దరిచేరనివ్వని పొద మన నేలకు ఇంతకు మించినది లేదని ఇప్పుడు నిస్సంకోచంగా చెప్పగలను. శేషాచలం కొండల్లో దొరికే కలేకాయకు ఇది దగ్గరి చుట్టం. రెండూ గన్నేరు కుటుంబానివే కనుక ఆకు తుంచితే తెల్లని పాలు కారతాయి.

మొక్కల నాణ్యత మాత్రం నాకు తృప్తినివ్వలేదు. చాలాకాలం కవరులోనే ఉంచేయడం వల్ల మూడు మొక్కల వేర్లు అడుగున చుట్టలు చుట్టుకుపోయాయి. జాగ్రత్తగా విడదీసి నాటినా వాటిలో రెండు బతకలేదు. కొనేవారు ఎత్తు చూసి ఆశపడక, కవరు రంధ్రాల్లోంచి వేరు బయటికి రాని లేత మొక్కనే ఎంచుకోవాలి.

మూడడుగుల ఎడంతో గుంతలు తీసి, ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నాటాము. మొదటి ఏడాది ఎదుగుదల చాలా నెమ్మదిగా సాగింది; ఆ వేసవిలో వారానికి రెండు తడులు ఇచ్చాము, తరువాత ఆ అవసరమూ తగ్గింది. దీనికి గిట్టనిది నీటి నిలువ ఒక్కటే. ఈశాన్య రుతుపవనాల వాన ఇక్కడ ఎంత ఉధృతంగా కురుస్తుందో 2021 నవంబరు వరదను చూసినవారికి చెప్పనక్కరలేదు కనుక, పల్లపు చోట మట్టి ఎత్తుగా పోసి నాటడం మేలు.

మూడో ఏట మల్లెను తలపించే తెల్లని పూలు, వాటి వెనుకే గులాబి రంగు తిరిగే కాయలు వచ్చాయి. చింతపండు అక్కరలేకుండా పప్పు, పులిహోర, పచ్చడి వీటితోనే చేసుకుంటున్నాము. బేకరీ కేకుల మీద చెర్రీలుగా కనిపించేవి కూడా చాలావరకు పంచదార పాకంలో నానిన వాక్కాయలే. ముళ్లు గట్టివి, లోతుగా దిగుతాయి. పిల్లలు ఆడే చోట, నడిచే దారి పక్కన దీన్ని నాటకూడదు. కోత ముగిశాక కొమ్మలు కత్తిరిస్తే కంచె చిక్కబడుతుంది.

చనిపోయిన రెండు మొక్కల కోసం మళ్లీ నర్సరీకి వెళ్లలేదు. విత్తనం తాజాగా ఉన్నప్పుడే బాగా మొలుస్తుంది కనుక, మా చెట్టున నల్లగా మాగిన పండ్ల గుజ్జు కడిగి, ఆ రోజే విత్తనాలను కవర్లలో పెట్టాను.