ఒంగోలు ఆబోతు స్ట్రా: అయిదేళ్ళు ఆగి, పాలు పితికి చూశాక రాస్తున్నది

స్ట్రా అంటే ఆబోతు వీర్యం గడ్డకట్టించి దాచిన సన్నటి గొట్టం, ఆవు ఎదకొచ్చినప్పుడు దాంతో చూలు కట్టిస్తారు. అది వేయించిన వారానికే బాగుందని చెప్పేవాళ్ళున్నారు. వారంలో తెలిసేది వచ్చిన మనిషి పనితనమే. ఆబోతు ఎలాంటిదో తెలియాలంటే పెయ్య పుట్టాలి, పెరగాలి, ఈనాలి, మనం చెంబు పట్టుకుని దాని కింద కూర్చోవాలి. నాకు ఇన్నాళ్ళు పట్టింది అందుకే.

మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మకు దగ్గర. ఇంట్లో నాలుగు ఒంగోలు ఆవులు. పితికేది నేనే. మా వైపు ఆబోతంటే మూపురం, గంగడోలు, నడక చూస్తారు. బండలాగుడు పందెం గిత్తల వంశమంటే ఇంకేమీ అడగరు. 2016 సంక్రాంతికి మేమూ అలాగే పక్కూరి ఆబోతు దగ్గరికి తోలుకెళ్ళాం. దానికి పుట్టిన పెయ్య ముచ్చటగా పెరిగింది. తొలిచూలు ఈనాక పూటకు లీటరు దాటలేదు. పొదుగు పెద్దదే, కానీ అంతా కండ. పితికాక కూడా గట్టిగా అలాగే ఉండేది. పాలున్న పొదుగు పితికాక ఖాళీ సంచిలా ముడుచుకోవాలి. రెండు చన్నులు దూడకు వదిలినా దాని పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేవి. అది చూసి మా అత్తగారు ఒకటే మాటన్నారు: "ఆబోతుకు పొదుగుండదు కదమ్మాయ్. దాని పాలు దాని అమ్మ దగ్గర చూడాలి."

అప్పటినుంచి స్ట్రా వేయించాలనుకున్నాం. మొదట్లో ఒకాయన వచ్చేవాడు. స్ట్రా తీసి చొక్కా జేబులో పెట్టుకుని, ఫోన్ మాట్లాడుతూ దొడ్లోకి నడిచేవాడు. ఏ ఆబోతు అని అడిగితే "మంచిదే" అనేవాడు. మూడుసార్లు వేసినా ఆవు చూలు కట్టలేదు. ఇప్పుడు వస్తున్న అబ్బాయి వేరు, ఇళ్ళకొచ్చి స్ట్రాలు వేసే గోపాలమిత్ర. పొద్దున ఎద చూసి ఫోన్ చేస్తే సాయంత్రం, సాయంత్రం చెబితే మర్నాడు పొద్దున వస్తాడు. గోరువెచ్చని నీళ్ళు అడిగి, థర్మామీటర్ ముంచి 37 డిగ్రీలు ఉందో లేదో చూసి, అప్పుడు స్ట్రాలున్న క్యాన్ మూత తీస్తాడు. లోపల ద్రవ నత్రజని, సున్నాకు 196 డిగ్రీలు కింద. స్ట్రాను నీళ్ళలో అర నిమిషం ఉంచి, తుడిచి, చివర కత్తిరించి గన్నులో పెట్టే లోపల ఒక్క మాట మాట్లాడడు. పని అయ్యాక ఖాళీ స్ట్రా నా చేతికిచ్చి, "అక్కా, ఇది పారెయ్యొద్దు, నోటుబుక్కులో అంటించు" అన్నాడు. అగ్గిపుల్లకు మూడింతల పొడవు గొట్టం. దాని మీద చీమల బారులా జాతి, ఆబోతు నంబరు, తయారైన తేదీ.

ఆబోతు వివరాల కాగితం మాత్రం అడిగితేనే ఇచ్చాడు. తల్లి ఆవు మూడు ఈతల పాలు అందులో ఉన్నాయి: 1,450, 1,600, 1,520 లీటర్లు. ఒక్క ఈతలో గొప్పగా ఇచ్చి మిగతా వాటిలో పడిపోయే ఆవులుంటాయి. ఇది మూడింటా నిలబడింది, నాకు నచ్చింది అదే. 2020 దీపావళికి వేసింది నిలవలేదు, 21 రోజులకు మళ్ళీ ఎదకొచ్చింది. రెండోసారి కట్టింది. వినాయక చవితి నాడు పెయ్య పుట్టింది. పేరు కూడా చవితే. అదే ఆబోతుకు రెండో ఆవు కోడెదూడను ఈనింది. మామూలు స్ట్రాలో పెయ్యకూ కోడెకూ సగం సగం అవకాశమే, దానికి ఎవర్నీ తప్పు పట్టలేం.

2024 జూన్‌లో చవితి ఎదకొచ్చినప్పుడు ఆ ఖాళీ స్ట్రా విలువ తెలిసింది. అబ్బాయి స్ట్రా బయటికి తీయబోతుంటే నంబరు చదవమన్నాను. నోటుబుక్కు తెరిచి చూస్తే అదే నంబరు. తండ్రిదే కూతురికి! అబ్బాయి ముఖం చిన్నబోయింది. తప్పు అతనిదొక్కడిదే కాదు, క్యాన్‌లో ఒంగోలు స్ట్రాలు ఆ ఒక్క ఆబోతువే ఉన్నాయి. వద్దని పంపేసి, మరో 21 రోజులు ఆగాం.

ఆ మూడు వారాల్లోనే మా మేనల్లుడు అమెరికాలోని నెబ్రాస్కా నుంచి సెలవుకొచ్చాడు. వాళ్ళ వైపు ఆంగస్ ఆవుల్ని మాంసానికే పెంచుతారు, ఎవరూ పితకరు. అయినా అక్కడి ఆబోతుల కేటలాగులో మిల్క్ అని ఒక అంకె వేస్తారు. ఆ ఆబోతు కూతుళ్ళ పాల వల్ల వాటి దూడలు పాలు మానే నాటికి ఎన్ని పౌన్లు ఎక్కువ తూగుతాయో చెప్పే అంచనా అది. నాకు భలే నచ్చింది. బ్రెజిల్‌లో నెలోరే పేరుతో మాంసానికి పెంచేవి మన ఒంగోలు సంతతే కదా, అక్కడా ఇక్కడా దూడ బతికేది తల్లి పాలతోనే. వాడు ఇంకోటి కూడా చెప్పాడు: "ఆ అంకె మరీ పెద్దదున్న ఆబోతు అందరికీ పనికిరాదత్తా. మేత చాలని చోట ఉన్నదంతా పాలకే పోసి ఆవు చిక్కిపోతుంది, మళ్ళీ తొందరగా ఎదకు రాదు." మాది జొన్నచొప్ప, వరిగడ్డి, పూటకు కాస్త తవుడు, పత్తిగింజల చెక్క. అందుకని ఈసారి రెండు ఆబోతుల కాగితాలు తెప్పించుకుని, తల్లి పాలు కాస్త తక్కువున్న ఆబోతునే ఎంచాను.

2025 ఏప్రిల్ చివర్లో చవితి ఈనింది. జున్ను రోజులు పోయాక, దూడకు రెండు చన్నులు వదిలి, పొద్దున మూడు లీటర్లు, సాయంత్రం రెండున్నర. దూడ రెండు గుటకలు తాగేసరికి చేపుతుంది. చన్నులు నాలుగూ ఒకే పొడవు, పిడికిట్లో సరిగ్గా ఇముడుతాయి. పాల కేంద్రంలో వెన్న 4.4 శాతం వచ్చింది. ఎనిమిది నెలలు ఇచ్చింది, చివరి నెలలో పూటకు లీటరుకు దిగింది. దూడ మూడో నెలకే వీపు మీద చెయ్యి వేస్తే ఎముక తగలనంత కండ పట్టింది. మా అత్తగారు రోజూ సాయంత్రం దాన్నే చూస్తూ కూర్చునేవారు.

అయిదుకు నాలుగు మార్కులిస్తాను. ఒక మార్కు తగ్గించింది కాగితం కోసమే. అది స్ట్రాతో పాటు రావాలి, రైతు అడిగితే కాదు. అందులో తల్లి పాలు ఉన్నాయి గానీ, ఆ ఆబోతు కూతుళ్ళు ఎంత ఇస్తున్నాయో ఒక్క గీత లేదు. చవితి లెక్క నెలనెలా రాసి ఉంచాను, పోయిన వారం ఆ కాగితం అబ్బాయికిచ్చి పైవాళ్ళకు పంపమన్నాను. మనిషి వచ్చినందుకు, స్ట్రాకు కలిపి మా దగ్గర 300 తీసుకున్నారు. వేయించే ముందు నంబరు చదివించుకోండి, ఖాళీ స్ట్రా అడిగి తీసుకోండి.