ఆరు మార్చి నెలలు చూసిన ఈఆర్పీ: ఒక ప్రభుత్వ సంస్థ అకౌంట్స్ విభాగం సమీక్ష

  మాది విశాఖలో సొంత బడ్జెట్, సొంత బ్యాంకు ఖాతాలు, పై నుంచి వచ్చే గ్రాంట్లు ఉన్న ప్రభుత్వ సంస్థ. ప్రధాన కార్యాలయం నగరంలోనే ఉంది. భీమిలి నుంచి అనకాపల్లి దాకా యూనిట్లున్నాయి, మన్యంలోనూ కొన్ని ఉన్నాయి. వాడుతున్న ఈఆర్పీ (సంస్థ లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) ఒక అంతర్జాతీయ ప్యాకేజీ, దాన్ని మా అవసరాలకు మలిచి ఇచ్చింది ఇంకో కంపెనీ. బడ్జెట్, కొనుగోళ్లు, పనుల బిల్లులు, చెల్లింపులు, లెడ్జరు, ఆస్తులు అందులోనే నడుస్తాయి. జీతాలు వేరే సిస్టమ్‌లో. ఐదుకి మూడున్నర మార్కులిస్తాం, అందులో రెండు బడ్జెట్ కంట్రోల్ ఒక్కదానికే.

ఎందుకంటే, పాత బడ్జెట్ రిజిస్టరులో ఖర్చు పడేది బిల్లు పాసయ్యాకే. ఆర్డరు వెళ్లిపోయి బిల్లు ఇంకా రాని డబ్బు ఎక్కడా కనబడేది కాదు. ఇతర కార్యాలయ ఖర్చుల పద్దులో 4,00,000 ఉందనుకోండి. 90,000 ఖర్చయింది, మరో 2,60,000కి ఆర్డర్లు ఇచ్చేశారు. రిజిస్టరు చూసినవాళ్లకు 3,10,000 మిగులు. సిస్టమ్ చూపేది 50,000. ఇప్పుడు 62,000కి టోనర్ల ఇండెంటు (కొనాలన్న కోరిక పత్రం) పెడితే ఎర్ర గీతతో అక్కడే ఆగిపోతుంది. తిట్టుకునేది ఆ ఎర్ర గీతనే, మార్చిలో పరువు కాపాడేదీ అదే.

అయితే దాన్ని అమర్చుకోవడంలో తెలివి కావాలి. 90 శాతం దగ్గర హెచ్చరిక, 100 దగ్గర నిలుపుదల మాకు కుదిరింది. మొదట్లో అంతటా హెచ్చరికే పెట్టారు. ఎవరూ చదవలేదు, ఎంటర్ కొట్టి ముందుకు పోయారు. కంట్రోల్ ఏ మెట్టు మీద పెట్టాలన్నది రెండో ప్రశ్న. రాష్ట్ర పద్దుల వరసలో 130 కార్యాలయ ఖర్చులు, దాని కింద 131 తపాలా, టెలిఫోన్, 132 ఇతర ఖర్చులు, 133 నీరు, కరెంటు. మేమూ ఆ వరసే తీసుకున్నాం. ప్రతి సబ్ డీటెయిల్డ్ హెడ్ (131 లాంటి కింది పద్దు) దగ్గరా తాళం వేస్తే మే నెలలో కరెంటు బిల్లు 133లో ఇరుక్కుపోతుంది, పక్కనే 132లో డబ్బు మూలుగుతుంటుంది. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకు మళ్లించడానికి వారానికో రీఅప్రాప్రియేషన్ ఫైలు నడపాలి. మీ నిబంధనలు ఒప్పుకుంటే తాళం 130 దగ్గర వేసి, రిపోర్టు మాత్రం కింది మెట్టులో తీసుకోండి.

ఈ తాళాన్ని ఓడించేది మన అలవాటే. పని అయిపోయి, బిల్లు చేతికొచ్చాక, అప్పుడు కూర్చుని సిస్టమ్‌లో ఇండెంటు, ఆర్డరు, రసీదు, ఇన్వాయిసు నాలుగూ ఒకే మధ్యాహ్నం కొడతారు. అలా కొట్టినంత కాలం ఇది ఖరీదైన టైపు మిషనే. పట్టుకోవడం సులువు: ఇన్వాయిసు తేదీ ఆర్డరు తేదీ కంటే ముందున్న ఎంట్రీల జాబితాను నెలకోసారి దించి, యూనిట్ వారీగా పై అధికారి ముందు పెట్టండి. మూడు నెలల్లో తేడా కనిపిస్తుంది.

ఇంకో చిన్న పెట్టె ఉంది. 2,60,000 ఆర్డరుకి సరుకు 2,41,500కే వచ్చి అక్కడితో ముగిసిందంటే, మిగతా 18,500 బడ్జెట్‌లో కట్టేసినట్టే ఉండిపోతుంది. ఆర్డరు లైనులో 'ఆఖరి డెలివరీ' టిక్కు పెడితేనే వదులుతుంది. జనవరిలో పాత ఆర్డర్లన్నీ తిరగేసి ఈ టిక్కులు పెట్టడం ఒక పనిగా పెట్టుకోవాలి. పార్క్ చేసి (ఖరారు చేయకుండా పక్కన పెట్టి) మర్చిపోయిన డాక్యుమెంట్లు కూడా బడ్జెట్ తినేస్తాయి, వాటినీ అప్పుడే ఏరేయాలి.

పనుల బిల్లుల దగ్గర సిస్టమ్ బాగానే పనిచేస్తుంది, తప్పులొచ్చేది కోతల బేస్ దగ్గర, అంటే ఏ మొత్తం మీద కోయాలన్న దగ్గర. పని విలువ 10,00,000, జీఎస్టీ 18 శాతం 1,80,000, మొత్తం 11,80,000. పార్టీ కంపెనీ అయితే ఆదాయపు పన్ను టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) 2 శాతం, వ్యక్తి అయితే 1 శాతం. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే లెక్క 10,00,000 మీదే. జీఎస్టీ టీడీఎస్ 2 శాతమూ పన్ను కలపని విలువ మీదే, అంటే 20,000. లేబర్ సెస్ 1 శాతం, 10,000. కోతల సెట్టింగులుండే మాస్టర్‌లో బేస్‌ను 'మొత్తం' అని పెట్టేస్తే జీఎస్టీ టీడీఎస్ 23,600 కోస్తుంది. జీఎస్టీ టీడీఎస్ రిటర్ను, జీఎస్‌టీఆర్-7, అలాగే వెళ్లిపోతుంది, కాంట్రాక్టరు తన లెక్కకు కుదరక గుమ్మం ముందుకొస్తాడు. ఒక్క పెట్టెలో తప్పు, సరిచేయడానికి మాత్రం పోస్టయిన (లెక్కల్లోకి ఎక్కిపోయిన) ప్రతి బిల్లునూ రివర్స్ చేయాలి. కాబట్టి కొత్త టాక్స్ కోడ్ వచ్చిన రోజు ఒక బిల్లును కాలిక్యులేటర్‌తో చేసి పోల్చాకే మిగతావి వదలండి.

రేటు మారినప్పుడు ఇది ఇంకా కొరుకుతుంది. చాలావరకు ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 2022 జూలై 18న 12 నుంచి 18 శాతానికి పెరిగింది. అప్పటికే నడుస్తున్న అగ్రిమెంట్ల ఆర్డరు లైన్లలో పాత కోడ్ గడ్డకట్టి ఉంది. పని కొలతలు రాసే ఎంబుక్‌లో రికార్డయిన తేదీ, బిల్లు తేదీ, చెల్లింపు తేదీ మూడూ చూసి లైను లైనుగా మార్చాల్సొచ్చింది. టాక్స్ కోడ్‌కి 'ఈ తేదీ నుంచి' అన్న గడి ఉందా అని కొనేముందే అడగండి.

చెల్లింపులు వెనక్కి రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ వెండర్ మాస్టరే, అంటే పార్టీల ఖాతా వివరాలుండే పట్టికే. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఈ ఊళ్లో కాంట్రాక్టర్ల ఖాతాలు ఎన్ని అందులో ఉండేవో చెప్పక్కర్లేదు. పాత ఐఎఫ్‌ఎస్‌సి కోడ్‌లతో ఉన్న రికార్డులన్నీ మార్చాల్సొచ్చింది. 2025 మే 1న గ్రామీణ బ్యాంకుల విలీనంతో మన్యం యూనిట్ల సరఫరాదారులకు మళ్లీ అదే సరిచూసుకునే పని పడింది. ఐఎఫ్‌ఎస్‌సిలో ఐదో అక్షరం ఎప్పుడూ సున్నాయే, అక్కడ 'ఓ' కొడితే ఎంట్రీ దశలోనే ఆపేలా ఒక చెక్ రాయించుకుంటే సగం తలనొప్పి పోతుంది. ఖాతా నంబరు మార్పు మాత్రం ఒకే మనిషి చేసి, తనే ఒప్పుకునేలా ఉంచకండి. డబ్బు దారి తప్పేది అక్కడే.

డూప్లికేట్ బిల్లుల చెక్ ఉంది, కానీ దాన్ని నమ్ముకుని నిద్రపోకూడదు. అది పార్టీ, తేదీ, మొత్తం, బిల్లు నంబరు పోల్చి చూస్తుంది. '12/23-24' అని ఒకసారి, '12-23-24' అని ఇంకోసారి కొడితే దానికవి రెండు బిల్లులు. నంబరులో గీతలు, ఖాళీలు, చుక్కలు వద్దని రూలు పెట్టి, గడిలోనే నిషేధించాలి.

2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా మూడైంది. ఆర్థిక సంవత్సరం మొదలై నాలుగో రోజు. జిల్లాను ప్రాఫిట్ సెంటర్‌గా (లెక్కలు విడిగా నడిచే విభాగంగా) పెట్టుకున్నవాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది. ఓపెనింగ్ బ్యాలెన్సులు పాత కోడ్‌లో దిగిపోయాయి, పోస్టయిన ఎంట్రీలో ఆ కోడ్ మారదు, ట్రాన్స్‌ఫర్ ఎంట్రీలే దిక్కు. ఆస్తులు విడివిడిగా మార్చి పంపాలి, తరుగుదల వాటి వెంటే వెళ్లాలి. మర్చిపోయేవి డిపాజిట్లు: ఈఎండీ (టెండరుతో కట్టే ధరావతు) పాత కోడ్‌లో జమై ఉంటుంది, రీఫండు కొత్త కోడ్ నుంచి వెళుతుంది. ఒకచోట ఎప్పటికీ తీరని జమ, ఇంకోచోట మైనస్. జిల్లాను యూనిట్‌కి ఒక ట్యాగ్‌గా మాత్రం ఉంచి, లెక్క యూనిట్ మీద నడిపితే ఈ గోల ఉండదు.

బదిలీల సీజన్ సంగతి. అధికారి వెళ్లిపోతాడు, బిల్లులు ఆయన ఇన్‌బాక్స్‌లో ఉండిపోతాయి. అప్రూవల్‌ను మనిషికి కాదు, పోస్టుకు కట్టాలి. డిజిటల్ సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్ మాత్రం మనిషిదే, గడువు తీరే తేదీలన్నీ ఒక గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. బీచ్ రోడ్డు వైపు ఆఫీసుల్లో ఉప్పుగాలికి ఆ యూఎస్‌బీ మొన నల్లబడి సిస్టమ్ గుర్తుపట్టదు. డబ్బాలో పెట్టి మూత బిగించండి. హుద్‌హుద్ చూసిన ఊరు కాబట్టి సర్వర్లు ఇక్కడ పెట్టొద్దని వేరే చెప్పనక్కర్లేదు. అత్యవసరానికి ఉంచిన రెండో సైట్ నుంచి ఒక చెల్లింపు ఫైలు నిజంగా తీసి చూపమనండి, కాగితం మీద డ్రిల్ చాలదు.

తెలుగుకు మార్కులు తక్కువే. స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, శాంక్షన్ ఆర్డరు పీడీఎఫ్ తీయగానే వత్తులు విడిపోయి 'ఆంధ్రప్రదేశ్' ముక్కలవుతుంది. ప్రింటు టెంప్లేట్‌లో యూనికోడ్ తెలుగు ఫాంట్ పొదిగితే కుదిరింది. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన నోట్‌ను తెచ్చి, ఎంట్రీ వివరం రాసే నేరేషన్ గడిలో అతికిస్తే మాత్రం ఏదో శాపంలాంటి ఇంగ్లిషు అక్షరాలు పడతాయి. అలాంటి నేరేషన్లతో పోస్టయిన ఎంట్రీలు ఇప్పటికీ లెడ్జరులో ఉన్నాయి, ఆడిట్ వాళ్లు ప్రతి ఏడాదీ అవేమిటని అడుగుతారు.